అంచు మీద పెంకు

జూన్ 4

అన్నయ్యకు,

"మేమిద్దరం ఇక్కడ క్షేమం" అని మొదలుపెట్టి, అబద్ధమవుతుందేమోనని కొట్టేశాను. ఆ కొట్టివేత చూసి వదిన కంగారు పడుతుంది. జ్వరాలూ గిరాలూ ఏమీ లేవని చెప్పు. ఒంటికి ఏ లోటూ లేదు.

ఎదురుగా కూర్చుంటేనే నీ ముందు నాకు నోరు పెగలదు. ఇంక ఐదో తరగతి చదువుతో నీకు ఉత్తరం రాయడమంటే చెమటలు పడుతున్నాయి. కాగితంలో నువ్వు నా ముఖం చూడవు కదా అన్న ధైర్యంతో రాస్తున్నాను.

సంగతి ఆయన గురించి. నీ దగ్గర పని నేర్చుకున్న మనిషే కాబట్టి నీకు తెలుసు, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటారు. ఇప్పుడు ఆ ఒకటీ అరా మాటలు కూడా లేవు. ఈ కొత్త ఫ్యాక్టరీలో ఆయన్ని పెద్ద లేత్ మీద పెట్టారని పోయినసారి రాశాను. నికెల్ కలిసిన మొండి లోహంతో చేసిన రింగులట. పళ్ళెమంత వెడల్పు. లోపలా బయటా కోసి నునుపు తేవాలి. ఈ బ్యాచ్ సరిగ్గా తీస్తే ఆ మిషన్ మీద ఆయన్ని ఖాయం చేస్తారు. తీయకపోతే రంపం సెక్షన్‌కి పంపుతారు. అక్కడ పొద్దస్తమానం కడ్డీలు ముక్కలు కోయడమే. రంపం దగ్గరికి పోయినవాడు మళ్ళీ లేత్ ముఖం చూసింది లేదని ఆయనే ఒకసారి అన్నారు.

టిప్పులు నిలవడం లేదు అన్నయ్యా. చిన్నప్పుడు వర్క్‌షాపులో నా అరచేతిలో పెట్టి, "ఇనుముని కొరికే పన్ను ఇదే, చూడు" అన్నావే, ఆ కార్బైడ్ టిప్పులు. ఒక్క రింగు పూర్తికాకుండానే మూల పోతోందట. ఫోర్‌మన్ చెత్త డబ్బాలోంచి పాడైన టిప్పులన్నీ ఏరి బల్ల మీద పేర్చి, "నువ్వు లోహం కోస్తున్నావా, టిప్పులు నములుతున్నావా?" అని అందరి ముందూ అడిగాడట. ఇది ఆయన చెప్పలేదు. కింది వాటాలో కుట్టుపని చేసుకునే క్రేన్ డ్రైవరు భార్య చెప్పింది. ఆమెకి ఫ్యాక్టరీ సంగతులు ఫ్యాక్టరీకంటే ముందు తెలుస్తాయి.

సాయంత్రం వచ్చి, జేబులోంచి ఒక పాడైన టిప్పు తీసి కిటికీ గట్టు మీద పెట్టి దానివైపే చూస్తూ కూర్చుంటారు. మాకున్నది ఆ ఒక్క గది, ఆ ఒక్క కిటికీ. నేను ఎటు తిరిగినా ఆయన వీపే కనబడుతుంది. నిన్ను అడగమన్నాను. "బావగారి దగ్గర నా కాళ్ళ మీద నేను నిలబడతానని చెప్పి వచ్చినవాణ్ణి. ఇప్పుడు ఏం మొహం పెట్టుకుని అడగను?" అన్నారు.

అందుకని ఆయనకి చెప్పకుండా నేనే అడుగుతున్నాను. తప్పయితే తిట్టు.

నీ పిచ్చుక


జూన్ 15

పిచ్చుకా,

పిట్ట కొంచెం, కూత ఘనం! నా ముందు నోరు పెగలదంటూనే రెండు పేజీలు నింపావు. మీ వదిన విని తెగ మురిసిపోయింది.

మా బావ సంగతి నాకు కొత్తా? తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నా దగ్గర ఉన్నన్నాళ్ళూ చేతిలో మంచి పని, మెడలో గట్టి ఎముక. అది వంగదు. సరే, అడగకపోతే మానె. నువ్వడిగావు, చాలు.

ఒకటి తెలుసుకో. టిప్పు పోయిందని ఏడవకూడదు. ఎలా పోయిందో చూడాలి. మనిషి పోతే డాక్టరు చెప్పినట్టు, టిప్పు పోతే దాని అంచు చెప్తుంది. అంచు వెంబడి సన్నగా, సమంగా, నునుపుగా అరిగిందనుకో, అది నిండు నూరేళ్ళు బతికి పోయిన టిప్పు. దానికి దణ్ణం పెట్టి, టిప్పుని తిప్పి కొత్త మూల వాడుకోవాలి. మూల మెత్తబడి కుంగిపోతే వేడికి పోయినట్టు. అంచు ముక్కలుగా చిట్లితే అదురుకో, దెబ్బకో పోయినట్టు. ఇంకా చాలా రకాలున్నాయి. అవన్నీ నీకెందుకులే.

మాటల్లో చెప్తే నాకు కుదరదు. టిప్పే పంపు. ఈ ఊళ్ళో ఎవరి టిప్పు పాడైనా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు, అంచు చూసి జాతకం చెప్పేవాణ్ణి. మా బావకి కూడా చెప్తాను, ఆయన అడగకపోయినా.

అన్నయ్య


జూన్ 21

అన్నయ్యకు,

నీ ఉత్తరం వచ్చాక కొంచెం నిద్రపట్టింది. అగ్గిపెట్టెలో దూది వేసి, అందులో టిప్పు పెట్టి, గుడ్డలో కుట్టి పంపుతున్నాను. కిటికీ గట్టు మీద చాలా ఉన్నాయి, ఒకటి పోతే ఆయన కనిపెట్టరు. మిషన్ మీదనుంచి తీసినప్పుడు ఎంత మురికిగా ఉంటుందో నీకు తెలియంది కాదు. అలాగే నీకు పంపితే నా పెంపకానికి మచ్చ. కిరసనాయిలులో నానబెట్టి, శుభ్రంగా తోమి, మెరిసేలా చేసి పంపుతున్నాను. ఆ పనిలో క్రేన్ డ్రైవరు భార్య దగ్గర అరువు తెచ్చిన గోతాలు కుట్టే సూది ఒకటి విరిగింది. అది వేరే కథ. ఆమె ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

ఒక మాట అడగనా? కోప్పడకు. నీ అక్షరాలు ఇదివరకు చీమలబారులా ఉండేవి. ఇప్పుడు ఒక్కొక్కటి గుమ్మడిగింజంత ఉంది. పేజీకి ఎనిమిది వరసలే పట్టాయి. నాకు చదువు తక్కువని పలక మీద రాసినట్టు రాస్తున్నావా? చిన్న అక్షరాలు నేనూ చదవగలను అన్నయ్యా. కూడబలుక్కునైనా చదువుతాను.

వదిన విడిగా ఒక ముక్క రాసేది ప్రతిసారీ. ఈసారి లేదు. నా మీద ఏమైనా కోపమా? వచ్చేటప్పుడు ఆమె ఇచ్చిన దుప్పటి మరిచిపోయి వచ్చానని చెప్పుకుంటోందా?

నీ పిచ్చుక


జూలై 2

పిచ్చుకా,

టిప్పు చేరింది. పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి పంపావు.

చూశాను. అంచు పొడుగునా గోరు పెట్టి రాస్తే తెలిసిపోయింది. చిన్న రంపంలా ఉంది, పళ్ళు పళ్ళుగా. చిట్లిపోయింది. వేడి కాదు, మామూలు అరుగుదలా కాదు. ఆ మొండి లోహాన్ని మా బావ తొందరపడి కోస్తున్నాడు. మొండివాడితో మొండికి దిగితే పళ్ళు రాలతాయి. స్పీడు మూడోవంతు తగ్గించమను. టిప్పు బిగించే టూలు బయటికి ఎక్కువ పొడుచుకురాకుండా దగ్గరికి లాగి బిగించమను. అదురు పోతుంది, అంచు నిలుస్తుంది. ఇంతకంటే చెప్పేదేం లేదు. నా మాట మీద నమ్మకం ఉంచమను.

నా పేరు చెప్పినా ఫర్వాలేదు. వింటే బాగుపడతాడు.

పెద్ద అక్షరాలు నీకోసమే రాస్తున్నాను, అందులో తప్పేముంది? పిచ్చుకకి గింజలు పెద్దవి వేస్తేనే కదా దొరికేది.

వదినకి కోపం లేదు, పాడు లేదు. పనిలో పడి రాయలేదు. దుప్పటి సంగతి మాత్రం నిజమే, రోజుకోసారి అంటుంది.

అవునూ, సూది ఎలా విరిగింది? మా బావని గానీ పొడిచావా?

అన్నయ్య


జూలై 10

అన్నయ్యకు,

చెప్పేశాను. ఎలా చెప్పాలో తెలియక, ఆయన చేతులు కడుక్కుంటుంటే వెనకనుంచి, "అన్నయ్య ఉత్తరం రాశాడు. స్పీడు మూడోవంతు తగ్గించమన్నాడు" అని ఒక్క ఊపిరిలో అనేశాను. ఆయన చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. నీళ్ళు కారిపోతున్నాయి. కోప్పడతారనుకున్నాను.

"టిప్పు చూశారా బావగారు?" అన్నారు.

"పంపాను. చూసే చెప్పాడు."

చాలాసేపు తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నారు. తర్వాత అన్నారు: "నాకెందుకో స్పీడు పెంచాలనిపిస్తోంది. కోసేటప్పుడు చప్పుడు ముక్కుతున్నట్టు వస్తోంది, బరువు మోసేవాడిలా. స్పీడు తక్కువైనప్పుడే అలా వస్తుంది."

"మరి?"

"మరేముంది. నా చెవి గొప్పదా, ఆయన కన్ను గొప్పదా? ఆయన అంచు చూసి చెప్పారంటే అంతే."

ఆ రాత్రి భోజనం దగ్గర రెండు మాటలు మాట్లాడారు. ఒకటి ఉప్పు ఎక్కువైందని. అదే పదివేలు అనుకున్నాను. మర్నాడు స్పీడు తగ్గించారు. టిప్పు కొంచెం ఎక్కువసేపే నిలిచిందట. ఫోర్‌మన్ బల్ల మీద పేర్చడానికి రాలేదట. నీకు ఎంత రుణపడ్డానో రాయడం నాకు చేతకాదు.

పెద్ద అక్షరాలు నాకోసమే అన్నావు. సరే. కానీ నా ఉత్తరాలు చూస్తే నేను అంత చదువులేనిదానిలా ఉన్నానా అని రెండు రోజులు అద్దంలో చూసుకున్నట్టు రాస్తున్న ఈ ఉత్తరాన్నే చూసుకున్నాను. ఇంక ఆ మాట ఎత్తను.

నీ పిచ్చుక


జూలై 19

పిచ్చుకా,

చెప్పానా? మా బావకి నా నమస్కారం, నా చెంపదెబ్బ రెండూ ఇవ్వు. చెవిని నమ్ముకుని కంటిని కాదంటాడా! పోనీలే, విన్నాడు.

చాలా రోజుల తర్వాత నాకు చేతినిండా పని దొరికినట్టుంది. ఈ ఉత్తరం స్టోరు కిటికీ దగ్గర ఎండలో కూర్చుని రాస్తున్నాను. రింగులు ఎన్ని అయ్యాయో రాయి. లోపలి ముఖం నునుపు ఎలా వస్తోందో కూడా రాయి.

సూది సంగతి దాటేశావు. దొంగపిల్లా, చెప్పు.

అన్నయ్య


జూలై 26

అన్నయ్యకు,

మంచి కబురు రాయాలని నాలుగు రోజులు ఆగాను. రాలేదు.

టిప్పులు మళ్ళీ పోతున్నాయి, ముందుకంటే ఎక్కువ. రింగు ముఖం మీద చీరుకుపోయినట్టు గీతలు వస్తున్నాయట. వేలు పెట్టి రాస్తే గరుకు. ఆయన అన్నారు, "బావగారు తగ్గించమన్నారు, నేను సరిగ్గా తగ్గించలేదేమో" అని. ఇంకా తగ్గించారు. ఇంకా గరుకు వచ్చింది. రింగుని పట్టి ఉంచే చక్కు దగ్గర అదురుందేమోనని బోల్టులన్నీ విప్పి బిగించారు. ఇంటికి వచ్చాక చొక్కా విప్పకుండానే నేల మీద పడుకుంటున్నారు. ఫోర్‌మన్, "రింగుని కోయమన్నాను, గోకమనలేదు" అన్నాడట. అందరూ నవ్వారట. ఈ కబురు కూడా కిందినుంచే వచ్చింది. క్రేన్ డ్రైవరు భార్య చెప్పి, "నేను చెప్పానని అనకమ్మా" అంది. ఎవరికి అంటాను, గోడకా?

అన్నయ్యా, నువ్వు చెప్పింది ఆయన చేతికి ఎక్కలేదంటావా, లేక ఇంకేదైనా చూడాలా? ఇంకో టిప్పు పంపనా?

సూది కథ అడిగావు. నవ్వే ఓపిక లేదు గానీ రాస్తాను. నీకు పంపిన టిప్పు అంచు మీద ఒక పెంకు అంటుకుని ఉంది. వెండిరంగులో, పళ్ళ మీద పాచిలా గట్టిగా. అది ఆ రింగు లోహమే, వేడికి కరిగి అతుక్కుందనుకుంటాను. అన్ని టిప్పుల మీదా ఉంటుంది. కిరసనాయిలుకి రాలేదు, బ్రష్షుకి రాలేదు. ఇంత అసహ్యంగా ఉన్నది నీకెలా పంపను? గోతాల సూది పెట్టి ఒక మధ్యాహ్నమంతా పొడిచి పొడిచి ఊడబెరికాను. పెంకు టపీమని ఊడింది గానీ సూది మొన కూడా విరిగింది. ఇదీ కథ.

స్టోరు కిటికీ ఏమిటి? నీ మిషను ఆ చివరి షెడ్డులో కదా?

నీ పిచ్చుక


ఆగస్టు 3

పిచ్చుకా,

ఇది చేరిన వెంటనే మా బావ చేతికివ్వు. వంట మీద ఉంటే వంట దించి ఇవ్వు.

స్పీడు తగ్గించవద్దు. పెంచమను. మొదట ఉన్నదానికంటే పెంచమను. అంచు పదునుగా ఉండే టిప్పులు స్టోరులో అడిగి తీసుకోమను. వేడి చల్లార్చే కూలెంటు ధార సరిగ్గా అంచు మీదే పడేలా గొట్టం తిప్పమను. టిప్పుకి లోహం అంటుకుంటోంది. కోత మెల్లగా సాగితే ఇంకా అంటుకుంటుంది. అంటుకున్న పెంకు ఊడేటప్పుడు అంచుని కూడా కొరుక్కుని పోతుంది. రింగు ముఖం చీరేదీ అదే. తన చెవి చెప్పిందే నిజమని చెప్పు.

ఇంకేం రాయను. పోస్టు డబ్బా తెరిచే వేళయింది.

అన్నయ్య


ఆగస్టు 5

అన్నయ్యకు,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చినా ఇంక పనిలేదు.

సోమవారం ఆయన ఒక రింగు లోపలి ముఖం తీస్తుంటే మళ్ళీ గరుకు వచ్చింది. దాన్ని పోగొట్టడానికి సన్నగా ఇంకో కోత పెట్టారు. అది కూడా చీరింది. ఇంకోటి పెట్టారు. నునుపు వచ్చేసరికి రింగు కొలత దాటిపోయింది. దాటిన కొలత వెనక్కి రాదని నీకు నేను చెప్పాలా? ఫోర్‌మన్ ఆ రింగు మీద పనికిరాదని ఎర్రరంగు పూసి మిషన్ పక్కనే నిలబెట్టించాడట, షిఫ్టు మారేదాకా, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ చూసేలా. మంగళవారం నుంచి ఆయన రంపం సెక్షన్‌లో ఉన్నారు.

నీకు ఉత్తరం రాస్తున్నానంటే, "బావగారికి ఏమీ రాయకు" అన్నారు. తర్వాత మళ్ళీ ఆయనే, "రాస్తే, ఆయన సరిగ్గానే చెప్పారని రాయి. నా చేతిలోనే పని లేదని రాయి" అన్నారు.

నేను అంతదాకా ఆయన ఏడవడం చూడలేదు. ఇప్పుడూ చూశానని చెప్పను. గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను దీపం తీసేశాను.

రంపం దగ్గర రోజంతా నిలబడి ఉండటమే పనిట. కడ్డీ పెట్టడం, రంపం దిగేదాకా చూడటం, ముక్క తీయడం. చేతులకి ఏమీ తెలియక్కర్లేదట. వచ్చాక చేతులు కూడా కడుక్కోవడం లేదు. మురికి అంటలేదుగా అంటున్నారు.

నీ మీద ఏ కోపమూ లేదు అన్నయ్యా. చేయి మంచిదైతే మాట ఫలించేది. అంతే అనుకుంటున్నాం.

నీ చెల్లెలు


ఆగస్టు 12

అన్నయ్యకు,

నీ మూడో తేదీ ఉత్తరం చేరింది. ఆయన పనిలో ఉన్నారు. నిలబడే చదివాను. తర్వాత కూర్చున్నాను.

నేను పొడిచి ఊడబెరికిన పెంకే నీకు చెప్పవలసిన మాట. దాన్ని నేను తీసేసి, పెంకు ఊడినప్పుడు లేచిపోయిన అంచుని నీకు పంపాను. చిట్లింది అన్నావు. చిట్లించింది నేను. నువ్వు ఏం చేస్తావు? రోగి నాలుక కడిగి డాక్టరుకి చూపించినట్టు చేశాను. నా శుభ్రం ఆయన కొంప ముంచింది.

ఆయనకింకా చెప్పలేదు. ఎలా చెప్పను? మిషన్ పోయిందన్న బాధలో ఉన్న మనిషికి, నీ చేతిలో ఏ లోపమూ లేదు, నీ పెళ్ళామే సూది పట్టుకుని నీ పని పాడుచేసింది అని చెప్పడం గోరుచుట్టు మీద రోకటిపోటు కాదా? చెప్పకపోతే మాత్రం, జీవితమంతా తన చేతుల్ని చూసుకుని తలదించుకుంటారు. నిన్న కత్తిపీట పదును పెట్టమని అడిగితే, "నాకు రాదు, కింద ఎవరినైనా అడుగు" అన్నారు.

కిటికీ గట్టు మీద టిప్పులు ఇంకా అలాగే ఉన్నాయి. అన్నిటి మీదా పెంకు ఉంది. ఇన్నాళ్ళూ రోజూ వాటిని తుడిచి తుడిచి మళ్ళీ వరసగా పెట్టిందాన్ని నేనే. ఈ లోహం ఆయనకీ కొత్తే, పెంకుని మురికే అనుకున్నట్టున్నారు. తెలిసినవాళ్ళు ఒక్కరు మా గదిలోకి వచ్చి ఉంటే, గుమ్మంలోంచే చెప్పేవాళ్ళేమో.

ఏం చెయ్యమంటావో రాయి. పెద్ద అక్షరాలతోనే రాయి. నేను ఆ అక్షరాలకే తగినదాన్ని.

నీ చెల్లెలు


ఆగస్టు 20

పిచ్చుకా,

ఆ చివరి మాట వదిన చదివి ఆగిపోయింది. కాగితం నా ఒళ్ళో పడేసి లోపలికి వెళ్ళిపోయింది. వెళ్తూ, "ఇప్పుడైనా చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అంది.

నీ ఉత్తరాలు వదినే చదువుతోంది. మొదటి ఉత్తరం నుంచీ. పోయిన ఏడాది వానల్లో నా కళ్ళకి పక్కలనుంచి చీకటి రావడం మొదలైంది. గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుంది. ఆ గొట్టం రోజురోజుకీ సన్నబడుతోంది. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఉన్నన్నాళ్ళు ఉంటుందని డాక్టరు చెప్పాడు. చలికాలంలోనే నన్ను మిషన్ మీదనుంచి దించారు. స్టోరులో కూర్చుని, అడిగినవాళ్ళకి అడిగిన సామాను అందిస్తున్నాను. ఏ అరలో ఏముందో చేతికి తెలుసు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు.

ఈ పెద్ద అక్షరాలు నీకోసం కాదు. ఇంతకంటే చిన్నగా రాస్తే నేను ఏం రాశానో నాకే కనబడదు. నీకోసమే అని రాసిన రోజు నవ్వుకున్నాను, బాగా తప్పించుకున్నానని. నువ్వు రెండు రోజులు ముఖం చిన్నబుచ్చుకున్నావని తెలిసినా ఊరుకున్నాను. వదిన నీకు రాయడం మానేసింది కూడా ఈ దాపరికం వల్లే. రాస్తే నిజమే రాస్తానని నాతో పోట్లాడి మానేసింది.

ఇప్పుడు అసలు సంగతి విను. నువ్వు సూదితో ఎంత పొడిచినా పెంకంతా పోదు. మూల సందులో కొంత మిగులుతుంది. మెరుస్తుంది. కళ్ళుండి, ఇలాంటి లోహం కోసిన ఏ లేత్ పనివాడైనా భూతద్దం పెడితే క్షణంలో చెప్తాడు. వదిన భూతద్దం తెచ్చి, "నేను చూసి చెప్తాను, ఏం వెతకాలో చెప్పండి" అంది. "నీకేం తెలుసు" అన్నాను. గోరు పెట్టి రాసి, చిట్లిందని తీర్పు చెప్పాను. జాతకం చెప్పేవాడినని గొప్పలు పోయానుగా. చాలా నెలల తర్వాత ఒకరు నన్ను ఒక టిప్పు చూడమన్నారు. కనబడటం లేదని రాయడానికి చెయ్యి రాలేదు.

అన్ని రకాలూ నీకెందుకులే అని కూడా నేనే రాశాను. అంటుకునే రకం గురించి ఒక్క వరస రాసి ఉంటే సూది పట్టేదానివి కాదు.

మా బావకి ఈ ఉత్తరం మొత్తం చదివి వినిపించు. తన చేతిలో లోపం లేదు, చెవిలో లేదు. నీ చేతిలోనూ లేదు. ఎవరి కళ్ళలో ఉందో చెప్పు.

నాకు జవాబు రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

అన్నయ్య


సెప్టెంబరు 1

అన్నయ్యకు,

ఇది వదినకి ఇవ్వకు. ఎండలో కూర్చుని నువ్వే చదువు. గుమ్మడిగింజలకంటే పెద్దవిగా రాస్తున్నాను. నాలుగు మాటలకే కాగితం నిండిపోతోంది, అయినా ఇంట్లో కాగితాలున్నాయి.

ఆయనకి చదివి వినిపించాను. నా సూది దగ్గరనుంచి నీ కళ్ళదాకా, ఏదీ దాచలేదు. మధ్యలో రెండుసార్లు ఆగాను. ఆయన తొందరపెట్టలేదు. అంతా అయ్యాక, "ఎప్పటినుంచిట?" అని అడిగారు. పోయిన ఏడాది వానలనుంచి అన్నాను. "నేను అక్కడ ఉన్నప్పుడే అన్నమాట" అన్నారు. నువ్వు అప్పట్లో కొలతలు ఆయన చేత చదివించేవాడివట. శిష్యుడికి నేర్పిస్తున్నారనుకున్నాను అన్నారు.

"అయితే చప్పుడు నిజమే చెప్పింది" అన్నారు. నవ్వారు కూడా, ఒక్క రవ్వ. ఆ నవ్వు చూసి నాకు ఇంకా ఏడుపొచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.

మర్నాడు ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళారు. మిషన్ అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు, ఇంక మారదని చెప్పాడట. నీ కళ్ళ సంగతి ఎత్తి కారణం చెప్పుకోవడం ఆయనకి ఇష్టం లేకపోయింది. తప్పు తనదేనని ఒప్పుకుని వచ్చారు. వస్తూ వస్తూ, ఆ మిషన్ మీద కొత్తగా వచ్చినతని దగ్గర ఆగి, స్పీడు ఎంత పెంచాలో, కూలెంటు ఎటు తిప్పాలో చెప్పి వచ్చారట. ఎందుకు చెప్పారు అని అడిగాను. "రింగులేం పాపం చేశాయి?" అన్నారు.

కొత్తతనికి రింగులు బాగా వస్తున్నాయట. అతన్ని ఖాయం చేశారని కింద చెప్పుకుంటున్నారు.

కిటికీ గట్టు ఖాళీ చేశాను. నిన్న ఆయన రంపం దగ్గరనుంచి వస్తూ, ఆ కొత్తతను పారేసిన టిప్పు ఒకటి చెత్త డబ్బాలోంచి తీసి తెచ్చారు. నా చేతిలో పెట్టి, "చూసి బావగారికి రాయి" అన్నారు. కింద ఆమెని బతిమాలి దారం చూసుకునే భూతద్దం తెచ్చాను. తుడవలేదు. ఊదలేదు కూడా. నూనె ఉన్నది ఉన్నట్టే ఉంది.

అంచు పొడుగునా సన్నటి మెరుపు గీత. ఒకే వెడల్పు, ఈ చివరినుంచి ఆ చివరిదాకా. ఎక్కడా పళ్ళు లేవు. మూల కుంగలేదు. పెంకు లేదు. రెండుసార్లు వెతికాను.

నిండు నూరేళ్ళు బతికింది అన్నయ్యా.

నీ పిచ్చుక